మాడ్రిడ్ విమాన ప్రమాద నివేదిక మొత్తం చదివాను: నా అనుభవం

2008 ఆగస్టు 20న మాడ్రిడ్ బరాహస్ విమానాశ్రయంలో స్పెయిన్ విమాన సంస్థ స్పాన్‌ఎయిర్ విమానం 5022 నేల విడిచిన కొన్ని సెకన్లకే కూలిపోయింది. అందులో ఉన్న 172 మందిలో 154 మంది చనిపోయారు. దీని గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట, పైలట్లు ఫ్లాప్స్ (విమానం పైకి లేవడానికి రెక్కల వెనక అంచున కిందికి చాచే పలకలు) వేయడం మర్చిపోయారని. నాకు ఆ జవాబు సరిపోలేదు. మర్చిపోయారే అనుకుందాం, మరి ఆ ఎండీ-82 రకం విమానంలో అలాంటప్పుడు మోగాల్సిన అలారం ఎందుకు మోగలేదు? ఆ ఒక్క ప్రశ్న కోసమే స్పెయిన్ దర్యాప్తు సంస్థ సీఐఏఐఏసీ 2011లో ఇచ్చిన తుది నివేదిక ముందేసుకుని కూర్చున్నాను.

నేను పైలట్‌ని కాదు. వరసగా మొదటి పేజీ నుంచి చదువుతుంటే పొడి అక్షరాల పేర్ల దగ్గరే ఆగిపోతున్నాను, అందుకని అది వదిలేసి విమాన వ్యవస్థల గురించి ఉన్న భాగానికి వెళ్లాను. నాలాంటి వాళ్లెవరైనా చదవాలనుకుంటే అక్కడే మొదలుపెట్టమంటాను. ఆర్2-5 అనే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఒకటి ఉంది. విమానం నేల మీద ఉందా గాల్లో ఉందా అన్నదాన్ని బట్టి అది కొన్ని సర్క్యూట్లను మారుస్తుంది. గాల్లో ఉంటే బయటి ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్‌కి మంచు పట్టకుండా హీటర్ నడవాలి, నేల మీద ఉంటే ఆ హీటర్ ఆగిపోయి టేకాఫ్ అలారం పనిచేయాలి. కాగితం మీద గీతలు గీసుకుంటేగానీ ఈ రెండూ ఒకే రిలే మీద ఆధారపడి ఉన్నాయని నాకు ఎక్కలేదు.

ఎక్కాక మాత్రం మిగతాదంతా వేరేగా కనిపించింది. ఆ రోజు విమానం ఒకసారి రన్‌వే దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, ఎందుకంటే నేల మీదే ఆ ప్రోబ్ వేడెక్కి రీడింగ్ వంద డిగ్రీలు దాటింది. ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరొచ్చో చెప్పే పుస్తకం మెకానిక్‌లు చూశారు, దారిలో మంచు పట్టే వాతావరణం లేదు, హీటర్ లేకుండా వెళ్లొచ్చని ఉంది, హీటర్‌కి కరెంటు ఆపేలా దాని బ్రేకర్ లాగేశారు, పంపేశారు. నిబంధన దాటలేదు. కానీ నేల మీద పనిచేయకూడని హీటర్ అసలు ఎందుకు పనిచేస్తోందన్న ప్రశ్న అక్కడ ఎవరూ తేల్చలేదు. రిలేనే పాడైందని నివేదిక కూడా ఖాయంగా చెప్పదు, శిథిలాల్లో దొరికిన రిలేని పరీక్షించినా పూర్తిగా తేలలేదు. అలారం మోగలేదన్నది మాత్రం ఖాయం.

కష్టమైంది కాక్‌పిట్ సంభాషణ. ఇంజన్లు స్టార్ట్ చేశాక చదివే చెక్‌లిస్ట్‌లో ఇక ఫ్లాప్స్ దగ్గరికి రావాలి, సరిగ్గా అప్పుడే టాక్సీకి, అంటే విమానాన్ని రన్‌వే వైపు నడపడానికి, అనుమతి అడగమని కెప్టెన్ కో-పైలట్‌కి చెప్పాడు. ఆ అంశం అలాగే మిగిలిపోయింది. అప్పటికే ఆలస్యం గంట దాటింది, ఆ తొందర మాటల్లో తెలుస్తూనే ఉంటుంది. టేకాఫ్‌కి ముందు చివరి తనిఖీలో కో-పైలట్ ఫ్లాప్స్ విలువ పదకొండు అని పైకి చదివాడు. ఫ్లాప్స్‌ని కదిపే లివర్ మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చదవాల్సింది చదివాడు, చూడాల్సింది చూడలేదు, అలవాటైన మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసిందనిపించింది.

నాకు నిజంగా కోపం వచ్చింది ఇంకో చోట. 1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ సంస్థ విమానం 255, అదీ ఎండీ-82నే, అచ్చం ఇలాగే ఫ్లాప్స్ లేకుండా, అలారం మోగకుండా పడిపోయింది, 156 మంది పోయారు. ఆ తర్వాత తయారీదారు మెక్‌డొనెల్ డగ్లస్, ప్రతి ప్రయాణానికీ ముందు ఈ అలారం పరీక్షించమని సిఫారసు చేసింది. సిఫారసే, తప్పనిసరి కాదు. స్పాన్‌ఎయిర్ పద్ధతిలో ప్రతిసారీ పరీక్షించాలన్న నియమం లేదు. 2007 జూన్‌లో స్పెయిన్ దీవి లాంజరోటేలో అదే కుటుంబానికి చెందిన ఒక ఎండీ-83 కూడా ఫ్లాప్స్ లేకుండానే లేచి, అదృష్టం బాగుండి బయటపడింది. ప్రతి ప్రయాణానికీ ముందు పరీక్ష యూరప్‌లో తప్పనిసరి అయింది మాడ్రిడ్ తర్వాత, 2008 అక్టోబరులో.