చోళ్ల సాంద్రత: ఐదో వారం కూడా అంకె నిలబడలేదు

నిన్న రాత్రి పదకొండున్నరకి మళ్లీ అదే కథ. ఒకే డబ్బాలో చోళ్లు (రాగులు), ఒకే బుడ్డి, ఒకే త్రాసు. ఒకసారి 1.28, ఇంకోసారి 1.33. ఆవగింజంత గింజ ఐదు వారాలుగా నా నిద్ర పాడు చేస్తోంది.

ఇంట్లో నేను సాంద్రత కొలిచిన మిగతావాటి లెక్క ముందు చెప్పేస్తాను. ఇత్తడి గంట 8.4, అల్యూమినియం గరిటె 2.70, గాజు గోళీ 2.5, పటికబెల్లం (కిరోసిన్‌లో ముంచి) 1.58, పర్లాకిమిడి కొమ్ము దువ్వెన 1.28. అన్నీ ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో. ఒక్కోటీ ఒక్క పూటలో తెమిలిపోయింది. దువ్వెన మాత్రం త్వరగా తూచాలి, కొమ్ము నీళ్లు పీలుస్తుంది.

చోళ్ల జోలికి ఎందుకు వెళ్లానంటే, మా గుణుపురం సంత వల్ల. సవర అవ్వ దగ్గర మాణతో (గింజలు కొలిచే పాత్ర) కొలిపించుకుని తెచ్చిన చోళ్లు ఇంట్లో తూస్తే ప్రతిసారీ బరువు వేరుగా వస్తోంది. అత్తమ్మ "ఈసారి గింజ గట్టిది, అందుకే బరువు" అంటుంది. నాకేమో అవ్వ మాణని ఎంత కుదిపింది అన్నదే అసలు సంగతి అనిపించింది. ఇంట్లో లీటరు గిన్నెతో చూశాను. మెల్లగా పోసి పైన కర్రతో గీస్తే 740 గ్రాములు. అదే గిన్నెని నేలమీద ముప్ఫైసార్లు తట్టి, దిగినచోట మళ్లీ నింపి గీస్తే 810. గింజ మారలేదు, చేయి మారింది, 70 గ్రాములు తేడా! అవ్వ ఎప్పుడూ కుదిపే పోస్తుంది, ఆమె చేతిలో మనకి నష్టం లేదు.

కానీ అత్తమ్మ మాట తప్పని తేల్చాలంటే గింజ సొంత సాంద్రత కావాలి. కుప్పలో గాలి ఎంత, గింజ ఎంత అన్నది అప్పుడే తెలుస్తుంది. అక్కడే ఇరుక్కుపోయాను.

బుడ్డి 50 మి.లీ. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ (మూతలో సన్నరంధ్రం ఉండి, నింపిన ప్రతిసారీ ఒకే ఘనపరిమాణం పట్టే సీసా), మూతతో ఖాళీగా 26.40 గ్రాములు. 28 డిగ్రీల దగ్గర నీళ్లు నింపితే 76.02. ఆ వేడిలో నీటి సాంద్రత 0.9962 కాబట్టి బుడ్డి లోపలి ఘనపరిమాణం 49.81 మి.లీ. బుడ్డి మీద 50 అని రాసి ఉన్నా నమ్మకండి, ఎవరి బుడ్డి వాళ్లు కొలుచుకోవాలి. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాను, లేకపోతే నీళ్లలో కరిగిన గాలే బుడగలై గోడలకి అంటుకుంటుంది. మరిగించడానికి బోరోసిల్ బీకరు తప్ప ఇంకేదీ పొయ్యి మీద పెట్టబుద్ధి కాదు నాకు.

20.00 గ్రాముల చోళ్లు వేసి నీళ్లు నింపగానే మొత్తం 78.35. మొత్తంలోంచి బుడ్డి, చోళ్ల బరువు తీసేస్తే నీళ్ల బరువు, ఆ నీళ్ల చోటు బుడ్డి చోటులోంచి తీసేస్తే గింజల ఘనపరిమాణం; అలా లెక్క కడితే 1.13. ఇది అబద్ధమని కంటికే తెలుస్తోంది, గింజల మధ్య వెండి పూసల్లా బుడగలు మెరుస్తున్నాయి. తడుతూ, నీళ్లు కలుపుతూ పది నిమిషాలకి చూస్తే 79.90, అంటే 1.24. అరగంటకి 80.62, 1.29. గంటకి 80.95, 1.32. ఇంకా పెరుగుతుందేమోనని రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి 80.31, అంటే 1.27కి పడిపోయింది! మూత తీస్తే అంబలి పులిసినప్పటి వాసన. పులిసి కొత్త బుడగలు పుట్టాయి. ఎండాకాలంలో చోళ్లని రాత్రంతా నానబెట్టి కొలవడం దండగ.

గంటలో అంకె పెరగడానికి గింజ నీళ్లు పీల్చడమే కారణం అనుకున్నాను మొదట. రెండు రోజులు అదే పట్టుకుని వేలాడాను. తర్వాత తట్టింది: గింజ ఒక గ్రాము నీళ్లు పీల్చి దాదాపు అంతే ఉబ్బితే, బుడ్డిలో మొత్తం బరువు మారదు. లోపలికి పోయిన నీళ్లు, ఉబ్బి తోసేసిన నీళ్లు చెల్లుకి చెల్లు. కాబట్టి పెరిగిన బరువంతా దాదాపుగా గాలి బయటికి పోయి ఆ చోటికి నీళ్లు వచ్చిన బరువే. పదో నిమిషం నుంచి గంట వరకు లెక్కేస్తే 1.05 మి.లీ. గాలి. అంత గాలి ఎక్కడ దాక్కుంది?

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే నీళ్లు బాగా అంటుకుంటాయని వేశాను. నురగ మూత సన్నరంధ్రంలోకి ఎక్కి మట్టం ఎక్కడుందో తెలియలేదు. మూడుసార్లకి మూడు అంకెలు. ఆ పద్ధతి వదిలేశాను, మీరూ వేయకండి.

తర్వాత కిరోసిన్. గింజలోకి పెద్దగా పోదు, నీటికంటే త్వరగా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెరట్లో చేశాను. కొలిచాక ఆ చోళ్లు పారేయాలి, కోళ్లకి కూడా వేయకూడదు. బుడ్డి నిండా కిరోసిన్ 66.21, అంటే సాంద్రత 0.799. చోళ్లు 20 గ్రాములు వేసి నింపితే మొదటిసారి 73.90, రెండోసారి 74.19, మూడోసారి 73.72. వరసగా 1.30, 1.33, 1.28.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. త్రాసు తప్పు అనడానికి లేదు, మూడు తూకాల్లోనూ 0.01 చొప్పున తప్పినా ఫలితం 0.003 దాటదు. వేడి తప్పు అనడానికి లేదు, కిరోసిన్ మూడు డిగ్రీలు మారినా 0.01 తేడా రాదు. 0.05 ఎక్కడినుంచి వస్తోంది? ఘనపరిమాణంలో చూస్తే అది 0.59 మి.లీ. గాలి.

సరే, గింజలే లెక్కపెడదాం అనుకున్నాను. చేటలో పరిచి 500 గింజలు ఏరాను, నలభై నిమిషాలు పట్టింది. 1.33 గ్రాములు. గింజకి 2.66 మిల్లీగ్రాములు, 20 గ్రాములకి ఏడున్నర వేల గింజలు. ఒక్కో గింజ సుమారు 2 ఘన మిల్లీమీటర్లు, అడ్డంగా 1.56 మి.మీ. ఆ 0.59 మి.లీ. గాలిని గింజలన్నిటికీ పంచితే ఒక్కోదాని చుట్టూ 0.01 మి.మీ. మందం పొర! మిల్లీమీటరులో నూరో వంతు. ఈ అంకె చూడగానే లేచి నిలబడ్డాను. బుడగలు గింజల మధ్య కాదు, గింజ మీదే ఉన్నాయి. చోడిగింజకి పైన పలచటి కాగితం లాంటి పొర ఉంటుంది, వరికీ గోధుమకీ ఉన్నట్టు లోపలి పొరకి గట్టిగా అంటుకుని ఉండదు, రెండు వేళ్ల మధ్య నలిపితే ఊడి వస్తుంది. గాలి ఆ పొర కిందే కూర్చుందని నా అనుమానం.

అత్తమ్మకి చెబితే వెంటనే "ఉప్పునీళ్లలో వేసి చూడు, తాలు తేలుతుంది, గట్టిది మునుగుతుంది" అంది. ఉప్పు ఇక కరగనంత కలిపితే ఆ నీటి సాంద్రత 1.20. గింజ సాంద్రత 1.3 దాటితే అన్నీ మునగాలి. వేసిన వంద గింజల్లో 46 తేలాయి. అవే గింజల్ని ఆరబెట్టి, ముతక గుడ్డలో వేసి నలిపి, పొట్టు ఊది, మళ్లీ వేస్తే తేలినవి తొమ్మిదే. విత్తనాలకి ఉప్పునీళ్ల పరీక్ష చేసేవాళ్లు చోళ్లని ముందు నలిపితే మంచిదని నాకు గట్టిగా అనిపిస్తోంది. లేకపోతే మంచి గింజలు కూడా తాలు కింద పోతాయి.

నలిపిన చోళ్లతో కిరోసిన్ కొలత మూడుసార్లు: 1.35, 1.34, 1.36. తేడా సగానికి పైగా తగ్గింది. 1.35 అనుకుంటే లీటరు గిన్నెలో మెల్లగా పోసినప్పుడు నూటికి 45 వంతులు గాలే, తట్టి పోసినప్పుడు 40. ఒకే సైజు గోళీలని గజిబిజిగా ఎంత కుదించినా 36 వంతుల ఖాళీ మిగులుతుంది, కాబట్టి 40 నమ్మదగ్గదే.

అయినా సంబరపడలేకపోతున్నాను. నలిపిన అవే చోళ్లు నీళ్లలో గంట తర్వాత కూడా 1.30 దగ్గరే ఆగిపోయాయి. గింజ ఒకటే, రెండు ద్రవాల్లో ఒకే అంకె రావాలి కదా. గింజకి తొడిమ ఊడినచోట చిన్న గుంట ఉంటుంది, దాంట్లోకి కిరోసిన్ దూరి నీళ్లు దూరడం లేదేమో. లేదా నలిపినప్పుడు పైపొర సగమే ఊడిందేమో. భూతద్దంలో చూస్తే పదింటిలో రెండు గింజల మీద ఇంకా పీలికలు వేలాడుతున్నాయి.

ఇక మిగిలింది గాలిని బలవంతంగా లాగేయడమే. మందుల షాపులో 60 మి.లీ. సిరంజి తెచ్చాను. అందులో చోళ్లు, నీళ్లు వేసి, పైన 5 మి.లీ. గాలి ఉంచి, సిరంజి ముక్కు మూసి ఆ గాలి 30 మి.లీ. అయ్యేదాకా లాగితే లోపలి ఒత్తిడి ఆరో వంతుకి పడుతుంది. పొర కింద గాలి ఉబ్బి బయటికి రావాలి. అలా నాలుగైదుసార్లు లాగి వదిలి, అప్పుడు బుడ్డిలోకి మార్చి తూస్తాను. వేలితో మూసి ఒకసారి ప్రయత్నించాను, వేలు పీక్కుపోయింది, గాలి కారింది. సైకిల్ ట్యూబు ముక్క మడిచి తీగతో బిగించాలి.

అది కుదిరితే ఇంకో ఆలోచన ఉంది. అసలు ద్రవమే లేకుండా, పొడి చోళ్లు సిరంజిలో వేసి గాలిని నొక్కి, ఒత్తిడి ఎంత పెరిగిందో చూసి గింజల ఘనపరిమాణం కట్టొచ్చు. కిరోసిన్ వాసన, నానడం, పులవడం ఏవీ ఉండవు. ఒత్తిడి కొలవడానికి సన్న ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్లు పెట్టాలి, ఎంత పొడవు కావాలో ఇంకా లెక్క కట్టలేదు. వచ్చే సంతలో అవ్వ దగ్గర రెండు రకాలు, కొండ చోళ్లూ పల్లపు చోళ్లూ, విడివిడిగా కిలో చొప్పున తెస్తాను. అత్తమ్మ చెప్పిన గట్టి గింజ వాటిలో ఏదో అప్పుడు చూడాలి.