చీటీల డీ20: మూడో ప్రయత్నం కూడా పోయింది

నిన్న రాత్రి పదకొండింటికి 400వ చీటీ తీసి, లెక్క చూసుకుని, గ్లాసు బోర్లించేశాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు పాత్రలుగా ఆడే ఆట) మాటిమాటికీ వెయ్యాల్సింది డీ20, అంటే ఇరవై ముఖాల పాచిక. దాని బదులు 1 నుంచి 20 వరకు రాసిన చీటీలు వాడదామనుకున్నాను. ఇంత చిన్న పని ఇంత మొండికేస్తుందని అనుకోలేదు.

ముందు సంగతి రెండు ముక్కల్లో. ఆరు నెలల్లో మా టేబుల్ దగ్గర ఒకరి ఉద్యోగం పోయింది, ఇద్దరికి జీతం కోత పడింది. విచిత్రం ఏంటంటే, ఇదే సమయంలో ఆడతామంటూ కొత్తవాళ్లు ముగ్గురు వచ్చారు. బయటికెళ్తే ఖర్చు, ఇక్కడ కూర్చుంటే నాలుగు గంటలు ఊరికే గడిచిపోతాయి. వాళ్ల చేత ఏమీ కొనిపించకుండా, ఇంటికి పట్టుకెళ్లి తమ్ముళ్లతోనో స్నేహితులతోనో ఆడించుకునేలా ఒక సున్నా ఖర్చు కిట్ తయారు చెయ్యాలనేది నా పంతం.

రూల్స్‌తో ఇబ్బంది రాలేదు. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఎస్‌ఆర్‌డీని (ఆట మూల నియమాల పత్రం) ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేశారు కాబట్టి, ఆ 400 పేజీల్లోంచి కొత్తవాళ్లకి కావలసింది 12 పేజీల్లోకి దించాను. క్యారెక్టర్ షీట్ సగం కాగితంలో పట్టింది. పాత్రల కోసం చేసిన కాగితం మినీలు (చిన్న బొమ్మలు) నిలబడుతున్నాయి. మిగిలింది డైస్. నా దగ్గరున్నది ఒకటే సెట్, డైస్ తయారు చేసే చెసెక్స్‌వాళ్లది. పదేళ్లుగా వాడుతున్నా అంకెలు చెరగలేదు, అందుకే ఇంకొకటి కొనాల్సిన అవసరం రాలేదు.

ఫోన్‌లో డైస్ యాప్ ఉందిగా అంటారు. ఉంది. కానీ మా టేబుల్ మీద ఫోన్లు బంద్. డైస్ కోసమని ఒకడు ఫోన్ తీస్తాడు, దాంతోపాటు ఆఫీసు నుంచి మెయిల్ కనబడుతుంది, ఆ తర్వాత వాడి కళ్లు డ్రాగన్ మీద ఉండవు. రెండుసార్లు చూశాక ఈ నియమం పెట్టుకున్నాం.

అందుకే చీటీలు. ఇది నా బుర్రలో పుట్టిన ఐడియా కాదు. 1979లో ఈ ఆటని అప్పట్లో వేసిన టీఎస్‌ఆర్ కంపెనీ దగ్గర డైస్ సరిపోక, బేసిక్ సెట్ పెట్టెలో వాటి బదులు నంబర్లు వేసిన అట్టముక్కలు పెట్టి అమ్మారు. డైస్ తెప్పించుకోవడానికి ఒక కూపన్ కూడా ఇచ్చారు. ముక్కలు కత్తిరించుకుని, కప్పులో వేసి, ఒకటి తీసి చూసుకోవాలి. వాళ్లకి పనిచేసింది కదా, నాకెందుకు పనిచెయ్యదు అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: చెప్పుల పెట్టె అట్ట, మందం 0.8 మి.మీ. 15 మి.మీ. చదరాలు, అడ్డంగా ఐదు, నిలువుగా నాలుగు. పై వరసలో 1 నుంచి 5, కింది వరసలో 16 నుంచి 20. స్టీలు గ్లాసులో వేసి, ఊపి, చూడకుండా తీసి, రాసుకుని, మళ్లీ వేసి 400 సార్లు. ఒక్కో అంకె సుమారు 20 సార్లు రావాలి. 16 నుంచి 20 వరకు కలిపి 100 రావాల్సింది 137 వచ్చాయి. 1 నుంచి 5 వరకు 79. కై-స్క్వేర్ (రావాల్సిన లెక్కకీ వచ్చిన లెక్కకీ ఎంత దూరమో చెప్పే కొలత) 41. ఇరవై ముఖాలకి 30 దాటితే అనుమానించాలి. నాకు అనుమానం కూడా కాదు, కోపం వచ్చింది. పక్కన కూర్చుని లెక్క రాస్తున్న కుర్రాడు, "అన్నా, ఈ గ్లాసుకి మనం గెలవాలని ఉన్నట్టుంది" అన్నాడు.

కారణం మర్నాడు దొరికింది. కింది వరస కోసేటప్పుడు స్కేలు జారింది. ఆ వరస చీటీల ఎత్తు 16.5 మి.మీ. ఒకటిన్నర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు కానీ వేలికి ఆనుతుంది. పెద్ద ముక్క అంచు కొంచెం పైకి లేచి ఉంటుంది, వేలు దానికే తగులుతుంది.

అదే సమయంలో ఇంకొకటి బయటపడింది. బాల్‌పెన్‌తో ఒత్తి రాశాను. కళ్లు మూసుకుని బొటనవేలితో రుద్దితే రెండంకెల చీటీ ఏదో, ఒక అంకె చీటీ ఏదో చెప్పేయొచ్చు. కావాలని మోసం చెయ్యనక్కర్లేదు, వేలు దానంతటదే నేర్చుకుంటుంది.

రెండో ప్రయత్నం: 0.4 మి.మీ. అట్ట, స్కేలుకి కింద ఇసుక కాగితం అంటించి కోశాను. అన్నీ 15 మి.మీ., అటూ ఇటూ పావు మిల్లీమీటరు. స్కెచ్‌పెన్‌తో తేలిగ్గా రాశాను, 6కీ 9కీ కింద గీత. మళ్లీ 400. కై-స్క్వేర్ 22. ఎగిరి గంతేశాను.

ఆ రాత్రే ఆటలో పెట్టాను. అరగంటలో ఒక ఆటగాడు మూడుసార్లు వరసగా 4 తీశాడు. తర్వాతివాడు 13, 13. ఇంటికొచ్చి రాసుకున్న 400 మళ్లీ చూశాను, ఈసారి మొత్తాలు కాకుండా వరస చూశాను. వెంటవెంటనే అదే అంకె రావడం సగటున 20 సార్లు జరగాలి. నా కాగితంలో 46 సార్లు జరిగింది!

అంటే అంకెలన్నీ సమానంగానే వస్తున్నాయి, కానీ వచ్చినదే మళ్లీ వస్తోంది. తిరిగి వేసిన చీటీ పైనే పడుకుంటోంది. పల్చటి అట్టముక్కలు ఊపితే దొర్లవు, ఒకదాని మీద ఒకటి జారి మళ్లీ పేకలా సర్దుకుంటాయి. నా మొదటి అనుమానం చెమట మీద. చేతులు తుడుచుకుని 100 తీస్తే తేడా లేదు. రెండోది గ్లాసు వెడల్పు: వెడల్పాటి గిన్నెలో ఇంకా ఘోరం, అంచు దగ్గర పడ్డది అంచు దగ్గరే ఉంది. మూడోది ఊపడం చాలకపోవడం. నాలుగు ఊపుల బదులు పన్నెండు ఊపితే 400కి 29కి దిగింది. దిగింది కానీ, పన్నెండు ఊపులకి గ్లాసు చేసే చప్పుడుకి పక్క గదిలోంచి తలుపు వేసుకున్నారు.

మూడో ప్రయత్నమే నిన్నటిది. గుడ్డ సంచి, లోపల చెయ్యి పెట్టి కలియబెట్టి తియ్యడం. మళ్లీ 400 తీస్తే అదే అంకె వెంటనే వచ్చినవి 22. లెక్క ప్రకారం ఇది పాస్. కానీ గడియారం పెట్టుకున్నాను. ఒక్కో చీటీకి 11 సెకన్లు. డైస్ వేస్తే 3. ఐదుగురు ఆటగాళ్లు, నాలుగు గాబ్లిన్లు, ఆరు రౌండ్ల పోరాటం అంటే తక్కువలో తక్కువ 54 సార్లు. డైస్‌తో మూడు నిమిషాల లోపు అయ్యేది, సంచిలో చెయ్యి తిప్పడానికే పది నిమిషాలు. అడ్వాంటేజ్ వస్తే, అంటే పరిస్థితి ఆటగాడికి కలిసొస్తే, రెండు తీసి ఎక్కువ వచ్చినది వాడుకోవాలి. రెండూ ఒకేసారి తీసేద్దామంటే మొదటిది తిరిగి వెయ్యం కాబట్టి లెక్క మారుతుంది: ఎక్కువ వచ్చినదాని సగటు 13.8 ఉండాల్సింది 14 అవుతుంది. ఇది పెద్ద తేడా కాదు, దీన్ని వదిలేయగలను. పది నిమిషాల్ని వదల్లేను.

ఎందుకంటే మాకు ఇప్పుడు డబ్బు కన్నా గంటలు తక్కువ. ఒకరు రాత్రి షిఫ్టుకి ఒప్పుకున్నారు, ఇంకొకరు ఆదివారాలు రెండో పని పట్టుకున్నారు. పోయిన నెల నాలుగు సెషన్లలో రెండు ఎగిరిపోయాయి, జరిగిన రెండూ రెండేసి గంటలే. మాంద్యంలో ఈ హాబీకి ఏమవుతుందని ఎవరైనా అడిగితే అందరూ పుస్తకాల ధరల దగ్గర మొదలుపెడతారు. ఒక టేబుల్‌కి ఒక పుస్తకం చాలు, అదీ పాతదైనా పనిచేస్తుంది. దెబ్బ తగిలేది పుస్తకాలు వేసేవాళ్లకి. 2008 జూన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ మూడు కోర్ (ముఖ్య నియమాల) పుస్తకాలతో వచ్చింది, సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో పైరసీ పేరు చెప్పి పీడీఎఫ్‌ల అమ్మకం కూడా ఆపేశారు. జేబులు ఖాళీగా ఉన్నప్పుడు చవక దారి మూసెయ్యడం ఏం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఆగస్టులోనే అదే ఆట పాత 3.5 ఎడిషన్ రూల్స్ మీద వేరే కంపెనీ కట్టిన పాత్‌ఫైండర్ అనే ఆట 576 పేజీల ఒకే పుస్తకంగా వచ్చింది, రూల్స్ ఆన్‌లైన్‌లో ఉచితం. నా ఓటు ఎప్పుడూ రెండో పద్ధతికే. ఆట బాగా నడిచినంత మాత్రాన దాన్ని తయారు చేసేవాళ్ల ఉద్యోగాలు నిలబడతాయనీ లేదు. 2023 డిసెంబరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ హక్కులున్న బొమ్మల కంపెనీ హాస్‌బ్రో దాదాపు 1,100 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది వాళ్లకి పెద్ద నష్టం తెచ్చింది సినిమా, టీవీ వ్యాపారం, బొమ్మల అమ్మకాలు కూడా పడిపోయాయి.

ఇదే లెక్కన నెలవారీ చందాలంటే నాకు పడదు. ఆన్‌లైన్ టేబుల్ కావాలంటే ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్‌ని గేమ్ మాస్టర్ (కథ నడిపేవాడు) ఒక్కడు ఒకసారి కొంటే చాలు, ఆటగాళ్లు కొనక్కర్లేదు. అదీ కుదరకపోతే రోల్20 అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతాతో మొదటి క్యాంపెయిన్ (సెషన్ల మీద సాగే కథ) నడిచిపోతుంది, మ్యాప్‌ల మీద మోజు తగ్గించుకుంటే.

సరే, చీటీలకి సెలవు. కొత్తవాళ్లలో ఒకావిడ అకౌంట్స్ పని చేస్తారు. నా మూడు కాగితాలూ చూసి, "ఇంతకీ మీ ఇంట్లో పేక లేదాండీ?" అని అడిగారు. ఉంది! జాకీలు, రాణులు, రాజులు తీసేస్తే ఆసు నుంచి పది దాకా 40 ముక్కలు. ఎర్రవి ఉన్నది ఉన్నట్టు, నల్లవైతే పది కలపాలి. 1 నుంచి 20 వరకు ప్రతి అంకె సరిగ్గా రెండుసార్లు. అంచులు ఫ్యాక్టరీలో కోసినవి, రాత వేలికి తగలదు, ముక్క తిప్పడానికి రెండు సెకన్లు. ఇరవై నాలుగు రోజులుగా కత్తెర పట్టుకుని కూర్చున్నవాణ్ని, ఆ సొరుగు నా మోకాలి పక్కనే ఉంది.

తీసిన ముక్కని తిరిగి పెట్టం కాబట్టి ఇది అచ్చం డైస్ కాదు. రెండు 20లూ వెళ్లిపోయాయని తెలిస్తే మా దొంగ పాత్రవాడు దాడి చెయ్యకుండా మూల దాక్కుంటాడు, వాణ్ని నేనెరుగుదును. అందుకని రెండు జోకర్లూ ఉంచేస్తున్నాను. జోకర్ వస్తే మొత్తం పేక కలిపి, మళ్లీ తియ్యాలి. 42 ముక్కల్లో సగటున పద్నాలుగో ముక్కకి మొదటి జోకర్ తగులుతుంది, కాబట్టి లెక్కపెట్టేవాడికి పెద్దగా లాభం ఉండకూడదు. ఆదివారం ఈ పద్ధతితో 400 తీసి చూస్తాను, కలపడానికి పట్టే టైముతో సహా.

కథ కూడా మార్చాలి. ఆరుగురూ ప్రతి వారం రావడం ఇక కుదరదు. వచ్చిన ముగ్గురితోనే వెళ్లి, రెండు గంటల్లో గుహ చూసి, వెనక్కి కోటకి చేరిపోయేలా చిన్న చిన్న ప్రయాణాలు రాస్తున్నాను. మొదటిదాని మ్యాప్ అయిపోయింది, అయిదు గదులు. జోకర్ వచ్చినప్పుడు పేక కలపడంతో పాటు గుహలో ఒక దీపం ఆరిపోవాలని దొంగ పాత్రవాడే అడుగుతున్నాడు. ఒప్పుకుందామనే ఉంది.