అమ్మకి చెప్పొద్దన్నారు

అమ్మ అంగిట్లోంచి, అంటే నోటి పైకప్పు నుంచి, చిన్న ముక్క తీసి క్యాన్సరేమో చూడ్డానికి పరీక్షకి పంపారు. రిపోర్ట్ ఇంకా రాలేదు. జబ్బు తేలాక ఏం చెయ్యాలో, ఏ ఆసుపత్రి మంచిదో, ఏం తినిపించాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఏదీ తేలని ఈ రోజుల్లో ఇంట్లో ఎలా మసలుకోవాలో, అసలు ఆ మనిషితోనే ఏం మాట్లాడాలో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం వైపు సముద్రం పక్కన ఒక ఊరు. అమ్మ అడ్డచుట్ట కాలుస్తుంది. అంటే చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, దాన్నే అడ్డపొగ అంటారు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళు ఇలా కాల్చడం ఎవరికీ వింత కాదు. అమ్మమ్మ కాల్చేది, ఆవిణ్ణి చూసి అమ్మ అలవాటు చేసుకుంది. గాలికి ఆరిపోదని, రెండు చేతులూ పనిలో ఉన్నా ఇబ్బంది లేదని, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందని చెబుతారు. కానీ ఆ వేడీ ఆ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి కదా, అందుకే వేరేచోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మా తీరంలో ఆడవాళ్ళకి వస్తుంటుంది. ఇదేమీ నిన్నా మొన్నా బయటపడిన సంగతి కాదు. ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగకీ అంగిలి మీద మచ్చలకీ ఉన్న సంబంధాన్ని 1971లోనే వైద్య పత్రికలో ప్రచురించారు. అప్పటికి మా అమ్మ ఇంకా చుట్ట ముట్టుకోలేదు. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మా అమ్మ గుమ్మందాకా రాలేదు, నా కోపమంతా దీనిమీదే.

పన్ను నొప్పని తీసుకెళ్తే పళ్ళ డాక్టరు గారు చూశారు. అంగిలి తెల్లగా మందంగా అయిపోయి, ఒక పక్కన మాత్రం ఎర్రగా, చిన్న పుండులా ఉంది. అమ్మకి అక్కడ నొప్పి లేదు. నొప్పి లేదంటే పెద్ద విషయం కాదులే అని ఇంట్లో అందరం అంటుంటే ఆయన ఒప్పుకోలేదు, ఇలాంటివి మొదట్లో నొప్పి పెట్టవు, అదే వీటితో వచ్చే చిక్కు అన్నారు. బయాప్సీకి, అంటే ముక్క తీసి పరీక్షించడానికి, రాసిచ్చారు.

ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. పిన్ని, "మీ అమ్మకి మాత్రం సెప్పకండే, బెంగతోటే సగం సచ్చిపోద్ది" అంది. అన్నయ్య, పుండుకి మందు రాస్తారని చెప్పి తీసుకెళ్దాం, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఇందులో ఎవరినీ తప్పుపట్టను, ఇద్దరూ అమ్మ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే, మన ఇళ్ళలో నూటికి తొంభై చోట్ల ఇదే జరుగుతుంది. కానీ నాకు ఒక్కటే అనిపించింది. నోరు అమ్మది. అందులోంచి ముక్క కోస్తున్నారు. ఎందుకో ఆవిడకి తప్ప ఊరందరికీ తెలిసి ఉండటమేమిటి? పైగా ఎలా దాస్తాం? ఫోన్ మోగగానే డాబా మీదకి పరిగెత్తాలి, ఫైలు బీరువాలో పెట్టాలి, ఇంటికొచ్చినవాళ్ళకి గుమ్మం దగ్గరే కళ్ళతో సైగ చెయ్యాలి, అన్నం పెడుతూ నవ్వుమొహం పెట్టాలి. నలభై ఏళ్ళు మా మొహాలు చూస్తున్న మనిషి కదా, అవన్నీ గమనించదా? గమనించి, ఎవరినీ అడగలేక, చీకట్లో ఒక్కతే పడుకుని తనకి తోచిందేదో ఊహించుకోదా? మా టెన్షన్ తగ్గించుకోవడానికి ఆవిణ్ణి ఒంటరిని చేస్తున్నామనిపించింది.

నేను చెబుతానన్నాను. అన్నయ్య రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెద్దగా ఉపోద్ఘాతం లేకుండానే చెప్పాను. "అమ్మా, నీ అంగిట్లో మచ్చ ఉంది. చుట్ట వేడికి వచ్చిన మచ్చ కావొచ్చు, క్యాన్సర్ కావొచ్చు. ముక్క తీసి చూస్తేగానీ తెలీదు. ఇప్పుడు డాక్టరుకీ తెలీదు, నాకూ తెలీదు, తెలిసిన రోజు నీకు దాచను." అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అత్తకీ ఇలాగే అయినాది, నాకు తెల్దనుకున్నారేటి? నానేటి సంటిపిల్లనేటి దాసడానికి?" అంది. నానమ్మ సంగతి నాకు అంత వివరంగా తెలియనే తెలియదు. ఆ రాత్రి అమ్మే చెప్పింది, నానమ్మకి ఎలా మొదలైందో, అప్పట్లో పసరు వైద్యం తప్ప ఇంకేమీ చేయించలేదనీ, చివరికి తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవనీ. ఇన్నేళ్ళుగా ఆవిడ మనసులో ఇది ఉందన్నమాట. మేం దాచి ఉంటే ఆ మాట నోటిదాకా వచ్చేదా?

చెప్పినంత మాత్రాన భయం పోయిందని అనను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ ఆ రాత్రి తర్వాత ఇంట్లో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం లేదు, అదే నాకు సగం ఊపిరి.

బయాప్సీకి ముందు ఇంకో గండం, "కత్తి తగిలితే పాకుద్ది" అనే మాట. పక్కింటివాళ్ళు, చుట్టాలు, ఆఖరికి ఆటో అతను కూడా అన్నాడు. అమ్మ భయపడిందే దానికి. డాక్టరు గారిని అమ్మ ఎదురుగానే అడిగాను, ఆయనా ఓపిగ్గా ఆవిడకే చెప్పారు: ఆ చిన్న ముక్క తియ్యడం వల్ల జబ్బు పాకదు, తియ్యకుండా ఇంట్లో కూర్చుంటే నిజంగా జబ్బుంటే అదే పెరుగుతుంది, పాకిందని అనిపించేది ఆలస్యంగా వచ్చినవాళ్ళలోనే అని. మత్తు సూది ఇచ్చి తీశారు. అమ్మ సూదికే విసుక్కుంది, ముక్కకి కాదు.

ఇక ఎదురుచూడటం. "ఒక్క చిన్న ముక్కకి ఇన్ని రోజులా?" అని నాకూ అనిపించింది, అందుకని లోపల ఏం జరుగుతుందో ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలిని అడిగాను. ముక్కని ముందు ఫార్మలిన్‌లో నానబెడతారు, కుళ్ళిపోకుండా గట్టిపడటానికి. తర్వాత దశలవారీగా ఆల్కహాల్‌లో ఉంచి అందులోని నీరంతా తీసేసి, మైనం పోసి దిమ్మలా చేస్తారు. ఆ దిమ్మని మన వెంట్రుకలో పదోవంతు కూడా ఉండనంత పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, కణాల లోపలి కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీ రంగులో కనబడేలా రంగులు వేస్తారు. అప్పుడు పాథాలజీ డాక్టరు సూక్ష్మదర్శినిలో చూస్తారు. పైపొర కణాలు కింద ఉన్న గీత దాటి లోపలికి దిగాయా లేదా అన్నది ముఖ్యమట. సందేహం వస్తే దిమ్మని ఇంకా లోతుగా కోసి మళ్ళీ చూస్తారు, ఇంకొకరి అభిప్రాయం అడుగుతారు, వేరే పరీక్షలు పెడతారు. కాబట్టి లేటయిందంటే చెడ్డదనీ కాదు, మంచిదనీ కాదు. ఇది తెలిశాక నా మనసు ప్రతి గంటకీ కట్టే లెక్కలు కాస్త తగ్గాయి.

రిపోర్ట్ అంటే ఉంది, లేదు అని రెండే మాటలనుకునేదాన్ని. మధ్యలో చాలా ఉన్నాయి. ఉత్త మందంగా అయిన పొర కావొచ్చు. కణాలు మారడం మొదలైనా ఇంకా క్యాన్సర్ కాని దశ కావొచ్చు, దాన్ని డిస్‌ప్లేసియా అంటారు, అందులోనూ కొంచెం, మధ్యస్థం, తీవ్రం అని ఉంటాయి. లేదా క్యాన్సరే కావొచ్చు. మేం ప్రతి దానికీ ఏం చేస్తామో ముందే మాట్లాడుకున్నాం, అమ్మ కూడా కూర్చుంది. చెడ్డగా వస్తే విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా ఆసుపత్రిలో చూపిద్దామనుకున్నాం, వైద్య సేవ కార్డు, ఆధార్, పాత కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టేశాం. ఆ సంచి సర్దిన రోజు నాకు నిద్ర పట్టింది. భయానికి ఏదో ఒక పని చూపించాలేమో.

నిద్ర సంగతి చెప్పాలి. తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, కడుపులో దేవినట్టు, గుండె దడదడా. అప్పుడు ఫోన్ ముట్టుకోకూడదని పెట్టుకున్నాను. ముఖ్యంగా ఎంతమంది ఎన్నేళ్ళు బతికారన్న అంకెలు చూడను, ఎందుకంటే అవి జబ్బు తేలి, ఏ స్టేజో తెలిసినవాళ్ళవి. మా అమ్మకి జబ్బే తేలలేదు, ఆ అంకెలు ఆవిడవి ఎలా అవుతాయి? లేచి వాకిలి ఊడ్చేస్తాను, లేదంటే బీచ్ దాకా నడిచి వస్తాను. ఆఫీసులో మేనేజర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఎందుకలా ఉన్నావని రోజూ ఎవరో ఒకరు అడగడం ఆగింది. మరీ తట్టుకోలేనప్పుడు 14416కి చేశాను. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఉన్నావిడ సలహాలేం కురిపించలేదు, ఊపిరి నెమ్మదిగా వదలమని చెప్పి, నన్ను మాట్లాడనిచ్చింది. ఇంట్లోవాళ్ళ ముందు అనలేని మాట, అమ్మ పోతే ఎలా అన్న మాట, ఆవిడతో అనగలిగాను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చెయ్యండి.

అమ్మకి మాత్రం నాకున్న దారులు లేవు. ఆవిడకి టెన్షన్ వస్తే చుట్టే మందు. నాన్న పోయినప్పుడూ, తుఫానుకి ఇల్లు ఎగిరిపోయినప్పుడూ గోడకి చేరబడి అదే కాల్చుకుంది. ఇప్పుడు ఇంత పెద్ద టెన్షన్‌లో దాన్నే మానమంటున్నాం. రిపోర్ట్ ఎలా వచ్చినా మానాల్సిందే, మానితే కొన్ని మచ్చలు వాటంతటవే తగ్గుతాయి కూడా అని డాక్టరు గారు చెప్పారు. బదులుగా వక్క నములుతానంది, అదీ నోటి క్యాన్సర్‌కి కారణమే అని దాన్నీ వద్దన్నారు. సాయంత్రం అయ్యేసరికి చేతులు ఊరుకోవు పాపం. చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తుంది, అయిపోతే పక్కింటివాళ్ళ చింతపండు కూడా తెచ్చుకుంటుంది. ఒకరోజు కోపంతో నన్ను తిట్టింది, ఒకరోజు దొంగచాటుగా సగం కాల్చింది, నేను గొడవ పెట్టుకోలేదు. జీవితమంతా ఉన్న తోడు అది, ఒక్క మాటతో వదిలించుకోమంటే కుదరదు.

మీ ఇంట్లో అమ్మమ్మో అత్తో అడ్డచుట్ట కాలుస్తుంటే ఈరోజే ఒక్కసారి నోరు తెరిపించి టార్చ్ వేసి అంగిలి చూడండి. తెల్లటి మందం, ఎర్రటి చుక్కలు, రెండు మూడు వారాలైనా మానని పుండు, ఏది కనబడినా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కట్టుడు పళ్ళుంటే తీయించి చూడండి, మచ్చ వాటి వెనక దాక్కోవచ్చు.

డాక్టరుని అడగాల్సినవి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాం. నావి మెడలో గడ్డలు చూడాలా, స్కాన్ ఎప్పుడు, ఇలాంటివి. అమ్మ నిన్న పిలిచి తన ప్రశ్న రాయమంది: "అంగిలి తీసేత్తే కూరలో ఉప్పు తెలుత్తాదా? సేప తినగల్నా?" అదే మొదట రాశాను. అన్నయ్య కూడా సెలవు పెట్టి వస్తున్నాడు, రిపోర్ట్ తీసుకోవడానికి ముగ్గురం వెళ్తాం, కవరు అమ్మ చేతికే ఇమ్మని చెబుతాం.