క్రాంజి గోడ మీద పేర్లు

సింగపూర్‌లో మా డార్మిటరీ క్రాంజి వైపు ఉంది. ఆదివారం సెలవు దొరికితే మా ఉద్దానం కుర్రాళ్లంతా లిటిల్ ఇండియాకి పోతారు. నేను మాత్రం నెలకోసారైనా క్రాంజి యుద్ధ స్మారకానికి నడిచి వెళ్తాను.

గుట్ట మీద వరసగా తెల్లటి సమాధి రాళ్లు. పైన గోడల నిండా పేర్లే. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి ఎక్కడుందో తెలియని 24,000 మందికి పైగా సైనికుల పేర్లవి. వాళ్లలో మన దేశం వాళ్లు వేలల్లో ఉన్నారు. వెనక ఇంకో చిన్న స్మారకం ఉంది. మత ఆచారం ప్రకారం దహనం చేసిన దాదాపు 800 మంది పేర్లు అక్కడ ఉంటాయి. ఎక్కువమంది భారత సైనికులే.

వీటన్నిటినీ చూసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో రాయల్ చార్టర్‌తో, అంటే బ్రిటన్ రాజు ఇచ్చిన అధికార పత్రంతో పుట్టింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాతో పాటు ఇండియా కూడా ఇందులో సభ్యదేశమే. ఎవరి సమాధులు ఎన్నుంటే ఆ లెక్కన ఖర్చు పంచుకుంటాయి. పరాయి దేశంలో భూమి తీసుకోవడం, రిజిస్టర్లు రాయించడం, తోటమాలుల్ని పెట్టుకోవడం, తన శ్మశానాల్లో వేరేవాళ్లెవరూ శాశ్వత స్మారకం కట్టకుండా ఆపడం, ఇన్ని అధికారాలున్నాయి దానికి. ఆ చివరిది మొదట కఠినంగా అనిపించింది. కానీ అది లేకపోతే డబ్బున్నవాడికి పాలరాతి మండపం, లేనివాడికి మట్టి మిగిలేవి. ఇక్కడ ఆఫీసరుకీ సిపాయికీ ఒకే కొలత రాయి.

నన్ను కదిలించిన అధికారం మాత్రం వేరే. సరైన ఆధారం చూపిస్తే చనిపోయినవాడి పేరులో ఒక్క అక్షరం తప్పున్నా కమిషన్ దిద్దుతుంది.

వచ్చిన కొత్తలో నా వర్క్ పర్మిట్ మీద పేరు తప్పుగా పడింది. ఒకే అక్షరం. దానివల్ల రెండు నెలలు ఇంటికి డబ్బు పంపలేకపోయాను. అమ్మ మందులకి అప్పు చేయాల్సి వచ్చింది. ఆఫీసుకి వెళ్లి అడిగితే 'ఒక అక్షరానికి ఇంత గొడవా' అన్నారు. ఆ టెన్షన్ ఎలాంటిదో పడ్డవాడికే తెలుస్తుంది.

కమిషన్ కూడా అందరినీ సమానంగా చూసిందేమీ కాదు. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికులు లక్షమందికి పైగా పేరు కూడా లేకుండా మిగిలిపోయారని 2021లో తనే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పేరు రాసే అధికారం ఉన్నవాడు రాయకపోతే జరిగేది అదే. అందుకే నాకు కోపం వస్తుంది.

పోయిన ఆదివారం మా ఊరి కుర్రాణ్ణి తీసుకెళ్లాను. వాడు వెల్డర్. భారత సైనికుల గోడ దగ్గర ఒక పేరు ముందు ఆగాడు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ముక్కలైపోయిన పేరు. వాడు దాన్ని మన యాసలో రెండుసార్లు పైకి చదివి, 'ఇలాగే పిలిచుంటారు కదన్నా వాళ్లమ్మ' అన్నాడు.