ఇరవై నిమిషాల గొట్టం

శ్రావణ మాసం, రాత్రి ఎనిమిదిన్నర. మడికి నీళ్ళు వదిలి గట్టు మీద వస్తున్నాను. కుడి చీలమండ పైన చురుక్కుమంది. ఫోన్ లైటు వేస్తే రక్తపింజరి. కాళ్ళకి చెప్పులైనా లేవు. పుట్టింది దివిసీమలో, పెరిగింది పాముల మధ్య, అయినా అంత తెలివి నాది.

మా వైపు పాముకాటు కొత్త కాదు. 2018లో కాట్లు మరీ ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో ప్రభుత్వం తరఫునే సర్పశాంతి యాగం చేయించారు. నేనూ వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చినవాణ్ణే.

ఇంటికి చేరేసరికి పాదం బూరెలా పొంగింది. పసరు మందాయన్ని పిలవమని అమ్మ ఏడుపు. తమ్ముడు వినకుండా 108కి చేశాడు. మా ఊరి పేరుతోనే మండలంలో ఇంకో ఊరుంది, బండి ముందు అటు పోయింది. డ్రైవరుని ఏమంటాం? మెయిన్ రోడ్డు మీద మా ఊరి బోర్డు పడిపోయి రెండేళ్ళయింది, ఎత్తి నిలబెట్టినవాడు లేడు.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు లేరు. విరుగుడు మందు ఉంది, కానీ గదికి తాళం. తాళంచెవి ఫార్మసిస్టు జేబులో, ఆయనేమో పదిహేను కిలోమీటర్ల అవతల ఇంట్లో. అప్పటికే ఉమ్మితే రక్తం పడుతోంది. మళ్ళీ బండెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడి సిస్టరమ్మ నా రక్తం కొంచెం తీసి పొడి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. "ఇరవై నిమిషాలు దీన్నెవరూ కదపకండి బాబాయ్" అంది. గడ్డకడితే సరే, లేకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టు. ఆ ఇరవై నిమిషాలూ నేను గోడ గడియారం చూడలేదు, ఆ గొట్టాన్నే చూశాను. టైమయ్యాక వంచింది. నీళ్ళలా జారింది.

కాటు పడ్డ దగ్గర్నుంచి మొదటి చుక్క మందు ఒంట్లోకి వెళ్ళేదాకా రెండు గంటల యాభై నిమిషాలు.

పది వయల్స్, అంటే పది చిన్న సీసాల విరుగుడు మందు, సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సగంలో ఒళ్ళంతా దద్దుర్లు, పళ్ళు టకటకా కొట్టుకునేంత చలి. మందు పడకపోతే అలా అవుతుందట, ఆపి, వేరే ఇంజెక్షన్ ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. ఈలోగా మా బావమరిది పాముని కొట్టి ఎరువుల సంచిలో వేసుకొచ్చాడు. వార్డు సగం ఖాళీ! పాముని తేనక్కర్లేదని డాక్టరు గారు కేకలేశారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకటే మందు.

ఆరు గంటల తర్వాత మళ్ళీ గొట్టం పరీక్ష, మళ్ళీ జారింది, ఇంకో పది వయల్స్. మూడో రోజుకి మూత్రం తగ్గిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. మూడు డయాలసిస్‌లు చేశారు. ఆ రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, పైకప్పు చూస్తూ పడుకున్నానంతే. ఇరవై నాలుగో రోజు ఇంటికి పంపించారు.

ఆ పడుకోవడంలోనే ఓ మందుల చీటీ వెనక లెక్క రాసుకున్నాను. బండి దారి తప్పినందుకు పాతిక నిమిషాలు. తాళం కోసం ఎదురుచూసినందుకు నలభై. అంటే గంట పైన పోయింది దూరం వల్ల కాదు.

అక్టోబరు 2న గ్రామసభ, వచ్చే ఏడాది పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం. కర్ర పట్టుకుని వెళ్ళాను. ప్రణాళికలో ఆరోగ్య గ్రామం అని ఒక అంశం ఉంటుంది, మా ఊళ్ళో దాని కింద ఎప్పుడూ దోమల మందే. "పాముకాటుకి పంచాయతీ ఏం చేస్తుందన్నయ్యా? డాక్టర్ని మనం వేస్తామా?" అన్నాడు సర్పంచి. మాట నిజమే. కేంద్రం నిధులు రాష్ట్రాలకి ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 2021-26 ఐదేళ్ళకి 70,051 కోట్లు ఇమ్మంది కానీ, ఆ లెక్కల జోలికి నేను పోలేదు. నేనడిగినవాటికి డబ్బుతో పెద్దగా పనిలేదు. రోడ్డు మీద బోర్డు. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఎన్ని వయల్స్ ఉందో ప్రతి సోమవారం ఆశా కార్యకర్త ఫోన్ చేసి పంచాయతీ గోడ మీద రాయడం. ఆసుపత్రిలో మందు గదికి రెండో తాళంచెవి రాత్రి డ్యూటీ నర్సు దగ్గర. కాలవగట్టు మీద లైట్లు.

బోర్డు వారంలో లేచింది. తాళంచెవికి మాత్రం మండల సమావేశంలో అడిగించి, అర్జీ పెట్టించి, నాలుగు నెలలు తిరిగాం. తాళంచెవికి! లైట్లు ఇంకా రాలేదు.

మొన్న వానల్లో మా వీధి కుర్రాణ్ణి రాత్రి పదింటికి ఏదో కరిచింది. గోడ మీద నంబరు చూసి ఫోన్ చేస్తే, "ముప్పై ఉన్నాయి, తీసుకురండి" అన్నారు. బండి నేరుగా ఇంటి ముందుకే వచ్చింది. నేనూ ఎక్కాను. గొట్టం నిలబెట్టారు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలయ్యాక నర్సు వంచింది.

జారలేదు.