క్రెస్టెడ్ గెకో పెట్టె: బెంగళూరు ఎండకీ వానకీ తగ్గట్టు

క్రెస్టెడ్ గెకో అనే పెంపుడు బల్లి గురించి, దాన్ని ఉంచే గాజు పెట్టె గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్ళవి. ఏ హీట్ ల్యాంపు కొనాలి, తేమ ఎలా పట్టి ఉంచాలి అన్నదే వాళ్ళ బాధ. బెంగళూరులో అదే పాటిస్తే బల్లి ఉడికిపోతుంది. ఇక్కడ పెట్టెలు చెడేది రెండింటి వల్ల: మార్చి నుంచి మే దాకా గది వేడి, జూన్ నుంచి అక్టోబరు దాకా గాలాడని తడి.

దీని సొంతూరు పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా. అంతరించిపోయిందనే అనుకున్నారు, 1994లో మళ్ళీ దొరికింది. రాత్రిపూట కొమ్మల మీద తిరుగుతుంది, పగలు ఆకుల చాటున పడుకుంటుంది. 22 నుంచి 26 డిగ్రీలు దానికి హాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 30 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి 18కి దిగినా ఏమీ కాదు కాబట్టి డిసెంబరులో కూడా, కిటికీలు మూసిన గదిలో, హీటర్ అక్కర్లేదు. హీట్ మ్యాట్, ఎర్ర బల్బు, వేడి రాయి అంటూ దుకాణంలో ఏది అంటగట్టబోయినా వద్దనండి.

అందుకే పెట్టె కంటే ముందు గదిని చూసుకోవాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో చవగ్గా దొరికే డిజిటల్ థర్మామీటర్, తేమ కొలిచే హైగ్రోమీటర్ రెండూ కొనండి. పెట్టె పెట్టబోయే చోట మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున ఐదింటికి ఎంత చూపిస్తోందో కొన్నాళ్ళు రాసుకోండి. పై అంతస్తు ఫ్లాట్లలో స్లాబు పగలంతా కాగి, రాత్రి పదింటి దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడ కూడా అంతే. లోపలి గదిలో, కిటికీ ఎండ పడనిచోట, తక్కువ ఎత్తులో పెడితే అదే ఇంట్లో ఒకటి రెండు డిగ్రీల తేడా వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గదిలో మామూలు ఎయిర్ కూలర్ కూడా బాగా పనిచేస్తుంది: వేడి దిగుతుంది, తేమ పెరుగుతుంది, రెండూ మనకు కావలసినవే. చెన్నైలో ఆ ఆశ పెట్టుకోకండి. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, కూలర్ చల్లబరచదు, ఏసీ ఒక్కటే దారి.

పెద్దదానికి 45 × 45 × 60 సెంటీమీటర్ల నిలువు పెట్టె కనీసం ఉండాలి. 12 గ్రాముల లోపు పిల్లను మాత్రం 30 × 30 × 45లో పెంచడం మేలు, పెద్దదాంట్లో వేస్తే తిండి గిన్నె దొరకక చిక్కిపోతుంది. ఒక పెట్టెలో ఒక్కటే. రెండు మగవి కలిస్తే కొట్టుకుంటాయి.

తయారు పెట్టె దొరక్కపోతే అక్వేరియం కట్టేవాళ్ళ చేత చేయించుకోవచ్చు. 5 మిల్లీమీటర్ల గాజు చాలు. సిలికాన్ అక్వేరియంలకు వాడేదే కావాలి. బాత్రూమ్ సిలికాన్‌లో బూజు మందు కలుపుతారు. అతికించాక పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా, వారమైనా ఆరనివ్వండి. తలుపు ముందువైపు ఉండాలి, పైనుంచి చెయ్యి దిగితే గద్ద వాలిందనుకుని బెదురుతుంది. ఇక తప్పనిసరిగా అడిగి పెట్టించుకోవలసింది గాలి దారి: తలుపు కింద 5 సెంటీమీటర్ల వెడల్పున జాలీ పట్టీ, పైకప్పు మొత్తం జాలీ. కింద చల్లగాలి దూరి, పైనుంచి తేమగాలి పోతుంది. మామూలు అక్వేరియం తొట్టిని నిలబెట్టి వాడితే ఈ కింది దారి ఉండదు, వానాకాలంలో అది బూజు డబ్బా అవుతుంది. జాలీ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వేయించండి, ఫైబర్ దోమతెరను మేతగా వేసే మిడతలు కొరికేస్తాయి. జరిపే గాజు తలుపులైతే రెండు అద్దాల మధ్య సందు చూడండి. చిన్న పిల్ల అందులోంచి జారిపోతుంది, లేదా గోడ మీది బల్లి లోపలికొచ్చి పరాన్నజీవుల్ని తెస్తుంది. పారదర్శక ప్లాస్టిక్ పట్టీ అతికిస్తే సరి.

ఖాళీ పెట్టే 16 కిలోల దాకా ఉంటుంది, మట్టీ నీళ్ళూ మొక్కలూ చేరితే దాదాపు రెట్టింపు. పార్టికల్ బోర్డు టేబుల్ తడికి ఉబ్బి ఒక పక్కకి ఒరుగుతుంది. ఇనుప స్టాండు వేయించండి.

అడుగున 4 సెంటీమీటర్ల మందాన క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుండ్లు), అంటే ఎనిమిది లీటర్లు. దాని మీద నైలాన్ జాలీ. ఆపైన 7 సెంటీమీటర్ల మట్టి, 14 లీటర్లు: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్ళు, ఆర్కిడ్లకు వాడే బెరడు ముక్కలు రెండు, బొగ్గు ముక్కలు ఒకటి, స్ఫాగ్నమ్ నాచు ఒకటి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండు మూడుసార్లు పిండి పారబోయాలి. నర్సరీ పాటింగ్ మిక్స్ వద్దు, అందులో ఎరువూ, వేపపిండీ ఉంటాయి. ఒక మూల అక్వేరియం గాలి గొట్టం ముక్క నిలువుగా అడుగుదాకా దించి ఉంచితే నిండిన నీళ్ళను సిరంజితో లాగేయవచ్చు. ఈ గొట్టం పెట్టనివాళ్ళు మొదటి వానాకాలంలోనే మట్టంతా తవ్వి తీస్తారు. నీళ్ళు మట్టిని తాకితే గాలందక కుళ్ళి మురుగు వాసన కొడుతుంది.

మనీ ప్లాంట్, సింగోనియం, స్నేక్ ప్లాంట్, బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ బాగా బతుకుతాయి. నర్సరీ మొక్కలకు పురుగుమందు కొట్టి ఉంటారు. కొన్ని మందులు రసంలోకి ఎక్కి చాలా రోజులుంటాయి కాబట్టి వేళ్ళ మట్టంతా కడిగి, నెల రోజులు బయట విడిగా పెంచాకే లోపల నాటండి.

కొమ్మల విషయంలోనే ఎక్కువమంది పిసినారితనం చేస్తారు. అడ్డంగా, ఏటవాలుగా, బల్లి ఒంటి లావున ఉన్న కొమ్మలు బోలెడు కావాలి. అవి లేకపోతే అది గాజు మీద తలకిందులుగా నిద్రపోతుంది, తోక వీపు మీదికి వాలిపోతుంది, అలా నెలలు గడిస్తే తుంటి ఎముకే వంకరపోవచ్చు. జామ, కాఫీ కొమ్మలు, లావు వెదురు గొట్టాలు మంచివి. మరిగే నీళ్ళు పోసి అరగంట ఉంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. నీలగిరి, దేవదారు, పైన్ కొమ్మలు వాడకండి, వాటి నూనెలు పడవు.

లైటును పైకప్పు జాలీకి బయట పెట్టాలి: పగటి వెలుగు లాంటి 6500 కెల్విన్ ఎల్ఈడీ, టైమర్‌తో 12 గంటలు. ఇది మొక్కల కోసం. తక్కువ శక్తి యూవీబీ (అతినీలలోహిత కిరణాల) ట్యూబు పెడితే బల్లికీ మంచిదే, కాని గాజు మీదుగా యూవీబీ దిగదు, జాలీ మీదే పెట్టాలి.

నీళ్ళు చిలకరించడం రుతువును బట్టి. వేసవిలో రాత్రి ఏడింటికి ఆకుల నుంచి బొట్లు కారేదాకా, పొద్దున కొద్దిగా. నీళ్ళు చల్లిన వెంటనే తేమ 80 శాతానికి చేరి, మర్నాడు మధ్యాహ్నానికి 50–60కి దిగాలి. ఆ దిగడమే ముఖ్యం. వానాకాలంలో పొద్దుటిది మానేయండి. పదకొండు దాటినా గాజు మీద మసక పోకపోతే తడి ఎక్కువైనట్టు. జాలీ మీద 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను, గాలి బయటికి లాగేలా, రోజూ గంటసేపు తిప్పితే కుదుటపడుతుంది. అదే తేమ చాలకపోతే కుబుసం వేళ్ళకు అంటుకుని పట్టు జారుతుంది, పట్టించుకోకపోతే వేలే ఊడుతుంది. బోరు నీళ్ళు గాజు మీద తెల్ల మరకలు పెడతాయి, ఆర్వో నీళ్ళు వాడండి.

తిండి గిన్నె నేల మీద కాదు, మూడింట రెండొంతుల ఎత్తులో. గెకోల కోసం అమ్మే తిండి పొడి ఒక పాలు, నీళ్ళు రెండు పాళ్ళు, వారానికి మూడు రాత్రులు. చలిదేశాల్లో ఒకటిన్నర రోజు ఉంచినా చెల్లుతుంది గాని ఇక్కడ పొద్దున్నే తీసేయాలి, పులుస్తుంది. అరటిపండు గుజ్జు ఒక్కదానితో పెంచితే కాల్షియం అందక ఎముకలు మెత్తబడతాయి.

ఆ తీపి వాసనకు చీమలు వరస కడతాయి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, పాత వంటిళ్ళలో గూటి బీరువాకు పెట్టినట్టే. దోమలు పుట్టకుండా ఆ నీళ్ళు రెండు రోజులకోసారి మార్చండి. చీమల చాక్‌పీస్ గీయకండి, ఆ గదిలో దోమల లిక్విడ్, కాయిల్ పెట్టకండి. వాటిలోని మందు బల్లికి విషం.

అన్నీ అమర్చాక బల్లి లేకుండా మూడు నాలుగు వారాలు నడపండి. మొక్కలు నాటుకోవాలి, మొదటి బూజు వచ్చి పోవాలి, మట్టిలో బూజు తినే స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న పురుగులు పెరగాలి. కరెంటు పోయే మధ్యాహ్నాల కోసం ఫ్రీజర్‌లో రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచండి. గుడ్డ చుట్టి జాలీ మీద ఒక మూల పెడితే చల్లగాలి కిందికి దిగుతుంది, బల్లి తనకు కావలసిన దూరం తనే చూసుకుంటుంది. ఐస్ నీళ్ళు నేరుగా దాని మీద చల్లకండి, ఆ అదురుకు తోక వదిలేస్తుంది. ఈ జాతికి ఊడిన తోక మళ్ళీ మొలవదు.