రాజీనామాకు ముందున్న పదిహేడేళ్లు

కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారి పేరు వినగానే చాలామందికి రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి, 1952లో ఆయన జైల్లో ఉండి కూడా అనంతపురం శాసనసభ స్థానంలో నీలం సంజీవరెడ్డి గారిని ఓడించడం. రెండోది, 1969 మార్చిలో శాసనసభలో సుదీర్ఘంగా ప్రసంగించి సభ్యత్వానికి రాజీనామా చేయడం. మా అనంతపురం జిల్లాలో పెద్దవాళ్లు ఈ రెంటినీ కథలుగా చెబుతారు. ఈ రెంటి నడుమ ఆయన చట్టసభల్లో గడిపిన కాలాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఆ కాలాన్ని పక్కన పెడితే రాజీనామా కూడా అర్థం కాదని నా అభిప్రాయం.

1917లో అనంతపురం జిల్లా తరిమెలలో సంపన్న భూస్వామ్య కుటుంబంలో పుట్టిన నాగిరెడ్డి గారు రిషివ్యాలీలోనూ, మద్రాసు లయోలా కళాశాలలోనూ, తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. యుద్ధం ప్రజల ఆర్థిక జీవితాన్ని ఎలా దెబ్బతీస్తుందో వివరిస్తూ చిన్న పుస్తకం రాసినందుకు 1940లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. సంజీవరెడ్డి గారి భార్య నాగరత్నమ్మ గారు ఆయనకు స్వయానా సోదరి. కాబట్టి 1952 పోటీ బావా బావమరుదుల మధ్య జరిగింది. అయితే దాన్ని కుటుంబ తగాదాగా చూడటం ఇద్దరికీ అన్యాయమే అవుతుంది. ఒకరు రాష్ట్ర కాంగ్రెసులో అగ్రనాయకుడు, మరొకరు నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు. రాయలసీమ ఓటర్లు ఆ రెండు మార్గాల్లో ఒకదాన్ని ఎంచుకున్నారు.

ఆ ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులు, మరికొన్ని పక్షాలు కలిసి టంగుటూరి ప్రకాశం గారి నాయకత్వంలో ఐక్య ప్రజాస్వామిక కూటమిగా ఏర్పడి, మెజారిటీ తమదేనని గవర్నరుకు చెప్పాయి. 1947లో ఇదే ప్రకాశం గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను పెద్ద ఎత్తున జైళ్లలో పెట్టింది. ఐదేళ్లు తిరిగేసరికి వాళ్లే ఆయనను ముఖ్యమంత్రిని చేయడానికి సిద్ధపడ్డారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం అసలు ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ఆయనకే ప్రభుత్వాన్ని అప్పగించారు. ఆ సభలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నది ముప్పై అయిదేళ్ల నాగిరెడ్డి గారు. ప్రజల తీర్పుకూ, ప్రభుత్వ ఏర్పాటుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో ఆయన తన చట్టసభా జీవితంలో మొదటి రోజుల్లోనే చూశారన్నమాట. అయినా ఆయన సభను వదల్లేదు. ఇది ముఖ్యమైన విషయం.

1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1962లో పుట్లూరు నుంచి రాష్ట్ర శాసనసభకు వచ్చారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచి, 1967లో అనంతపురం నుంచి మళ్లీ గెలిచారు.

ఆ దశాబ్దంలో శాసనసభ ముందుకు వచ్చిన అన్నిటికన్నా పెద్ద ప్రశ్న భూమి. 1961 నాటి భూపరిమితి చట్టం నేల స్వభావాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవడానికి అనుమతించింది. 324 ఎకరాలు మెట్టభూమి లెక్కే అయినా, కూలిపని తప్ప వేరే ఆధారం లేని కుటుంబాలు ఊరూరా ఉన్న కరువు జిల్లాలో అలాంటి పరిమితి ఎవరికి మేలు చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. మిగులు భూమి పేరుకే తేలింది. దాంతో 1973లో మరో చట్టం తేవలసి వచ్చింది. భూస్వామి ఇంట పుట్టి, తన భూమిని పేదలకు పంచిన మనిషి సభలో కూర్చుని ఇదంతా చూశారు. చట్టం చేసే చోట కూర్చున్నా భూమి కదలదన్న నిర్ణయానికి ఆయన ఒక్కరోజులో వచ్చి ఉండరు.

రాజీనామా అనేది ఆనాటి సభకు కొత్త కాదు. 1966లో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ప్రతిపక్ష శాసనసభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. అవి ఒక కోరికను నెరవేర్చుకోవడానికి చేసినవి. నాగిరెడ్డి గారి 1969 రాజీనామా వెనుక అటువంటి కోరిక ఏదీ లేదు. ఈ సభ ద్వారా మౌలికమైన మార్పు రాదని, ప్రజాపోరాటమే మార్గమని చెప్పి ఆయన వెళ్లిపోయారు.

అయితే ఆ నిర్ణయం వెనుక పార్టీల లోపలి ఒత్తిడి కూడా ఉంది. 1968లో ఆయన దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య గార్లతో కలిసి మార్క్సిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చారు. నక్సల్బరీ ఉద్యమ నాయకుడు చారు మజుందార్ వర్గం ఎన్నికల బహిష్కరణను శాశ్వత సూత్రంగా భావించి, నాగిరెడ్డి గారు ఇంకా శాసనసభ్యుడిగా ఎందుకు ఉన్నారని నిలదీసింది. 1969 ఫిబ్రవరిలో ఆ రెండు వర్గాలూ విడిపోయిన తర్వాతే ఆయన రాజీనామా చేశారు. నిలదీసిన వాళ్లతో తెగతెంపులు అయ్యాక చేశారు కాబట్టి, ఇది వాళ్లకు తలొగ్గి చేసిన పని కాదని నేను అనుకుంటున్నాను.

ఆయన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. భూమి గురించి అంత లోతుగా మాట్లాడగల మనిషి లేచి వెళ్లడం వల్ల సభకు పోయినదేమీ లేదు, అనంతపురం ప్రజలకే పోయింది. 1973 చట్టం చర్చకు వచ్చిన సభలో ఆయన ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

1969 డిసెంబరులో ఆయనను మద్రాసులో అరెస్టు చేసి ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్న ఆరోపణతో పెట్టిన హైదరాబాదు కుట్ర కేసులో విచారించారు. కోర్టులో తన వాదనగా ఆయన సిద్ధం చేసిన ప్రకటనే ‘తాకట్టులో భారతదేశం’. విదేశీ పెట్టుబడి, అప్పులు, వ్యవసాయ సంబంధాల మీద అంకెలు పేర్చి, ఒక్కో ప్రభుత్వ విధానాన్ని పట్టుకుని ప్రశ్నించిన తీరు చూస్తే, ఏళ్ల తరబడి బడ్జెట్ చర్చల్లో పాల్గొన్న సభ్యుడి అలవాటు అందులో కనిపిస్తుంది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాదే సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు.